సాక్ష్యం చెప్పిన తర్వాత సోమవారం



2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023 జూలైలో మరణించిన ఒక విద్యార్థిని కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో కోర్టు ఆగలేదు. దేశంలోని విద్యాసంస్థలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్ళకు వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ గానీ, మనస్తత్వ నిపుణుడు గానీ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సహాయం కోసం ఫోన్ చేయవలసిన నంబర్లు అందరికీ కనబడేలా రాసిపెట్టాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

ఈ తీర్పు కాలేజీలకు ఇచ్చినదే గాని సంఘాలకు ఇచ్చినది కాదు. అయినా నేను దాన్ని చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు మన మందిరాలే మెదిలాయి. ఆ హాస్టళ్ళలో ఉన్నవారిలో మన సండే స్కూలులో పెరిగిన పిల్లలున్నారు. వాళ్ళను అక్కడికి పంపి, నెలనెలా ఫీజు కట్టి, ఆదివారం మందిరంలో మోకరించి "ప్రభువా, నా బిడ్డకు ర్యాంకు ఇవ్వు" అని ప్రార్థించేది మన తల్లిదండ్రులే. కాలేజీలు ఏం చేయాలో కోర్టు చెప్పింది. మనం ఏం చేయాలో మన గ్రంథమే ఎప్పటినుంచో చెబుతూ ఉంది. దాన్ని మనం సరిగా విన్నామా అన్నదే ఈ వారం ప్రశ్న.

అంకెల వెనుక ఉన్నవారు

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. పరీక్షల్లో తప్పడం కారణంగా నమోదైన మరణాలు 2,248. ఈ అంకెలు మనం పత్రికల్లో చదివి పేజీ తిప్పేసేవే. అదే నివేదికలో కారణాల పట్టికను కాపరులు ఒకసారి నిదానంగా చూడాలి. అన్నిటికంటే పెద్ద కారణం కుటుంబ సమస్యలు, 31.7 శాతం. ఆ తర్వాతది అనారోగ్యం, 18.4 శాతం. రెండూ కలిపితే సగం.

ఆదివారం ఆరాధన తర్వాత మన చేతికి వచ్చే ప్రార్థన చీటీలు విప్పి చూడండి. వాటిలో ఉండేదేమిటి? "మా ఇంట్లో సమాధానం లేదు." "నా భర్త తాగుడు మానాలి." "అత్తగారింట్లో ఇబ్బందులు." "కడుపులో నొప్పి తగ్గడం లేదు." "రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు." అంటే దేశంలో మనుషులను మరణం వైపు నెడుతున్న బాధలూ, మన బల్ల మీద మడతపెట్టి ఉన్న చీటీల్లోని బాధలూ ఒకటే. మనం ఆ చీటీలు చదివి, అందరినీ కలిపి ఒక ప్రార్థన చేసి, ఆమేన్ అంటున్నాం. ఆ చీటీ రాసిన చెయ్యి ఎవరిదో, సోమవారం ఉదయం ఆ మనిషి ఎలా లేచారో మనలో ఎందరం కనుక్కుంటున్నాం?

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవారిలో సుమారు పదిమందిలో ఒకరు అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేల్చింది. చికిత్స అవసరమై ఉండి కూడా అది అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారు. 200 మంది కూడుకునే సంఘాన్ని ఈ లెక్కతో ఊహించుకోండి. పిల్లలను తీసివేసినా పది పదిహేనుమంది ఉంటారు. వాళ్ళు కీర్తనలు పాడుతున్నారు, కానుక వేస్తున్నారు, బల్లలో పాలుపొందుతున్నారు. వారిలో ఎక్కువమంది ఏ డాక్టరు దగ్గరకూ వెళ్ళలేదు.

మరి ఎవరి దగ్గరకు వెళ్ళారు? మన దగ్గరకు వచ్చారు. ఇది మనం గర్వించవలసిన సంగతీ, భయపడవలసిన సంగతీ. మానసిక వైద్యుడి దగ్గరకు వెళితే ఊరంతా "పిచ్చి" అంటుంది. ఆడపిల్లకు సంబంధం రాదు. పట్టణానికి వెళ్ళిరావడానికి ఒక రోజు కూలి పోతుంది. కాపరి ఇంటి తలుపుకు గడియ ఉండదు, ఫీజు ఉండదు, చీటీ రాయించుకోవలసిన పని లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసినా "అయ్యగారూ, కొంచెం ప్రార్థన చేయండి" అనవచ్చు. ఆ మాట విని చెప్పులేసుకుని బయలుదేరే కాపరులు, అమ్మగార్లు మన రెండు రాష్ట్రాల్లో వేలమంది ఉన్నారు. వాళ్ళ పరిచర్య ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనబడదు. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మొదట వచ్చేది మన దగ్గరకే గనుక, మనం చెప్పే మొదటి మాట ఎంత బరువైనదో గుర్తుచేయాలన్నదే నా ఉద్దేశం.

నేను చేసిన పొరపాటు

ఇది ఇతరులకు చెప్పే ముందు నా సంగతి నేను ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట నేను కాపరిగా ఉన్న సంఘంలో ఒక సహోదరి ఉండేది. భర్త హఠాత్తుగా చనిపోయాడు. నెలలు గడిచినా ఆమెకు నిద్ర లేదు, తిండి లేదు, పిల్లల మీద ధ్యాస లేదు. ఆస్పత్రిలో మందులు రాశారు. మేము మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టాం. మూడవ రోజు ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ రాత్రి నిద్రపోయింది. వారం తిరిగేసరికి ముఖంలో తేట వచ్చింది. అది దేవుని పని అని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

తర్వాత ఆదివారం ఆమెను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించాను. "ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు" అని ఆమె చెప్పింది. సంఘమంతా హల్లెలూయ అన్నది. ఎవరో "ఇక ఆ మందులతో పనేముందమ్మా" అన్నారు. నేను ఆ మాట అనలేదు. కానీ విన్నాను. విని, కాదని చెప్పలేదు. ఆ ఆదివారం సంతోషాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

నాలుగు నెలల తర్వాత ఆమె మందిరానికి రావడం తగ్గింది. తర్వాత మానేసింది. ఊరు మారిందేమో అనుకున్నాం. నిజానికి ఆమె రెండు వీధుల అవతలే ఉంది. చీకటి మళ్ళీ వచ్చింది. మందులు లేవు. ఈసారి ఎవరికీ చెప్పుకునే దారి కూడా లేదు, ఎందుకంటే మైకులో సాక్ష్యం చెప్పేసింది. రెండేళ్ళ తర్వాత, ఆమె అన్నయ్య ఆస్పత్రికి తీసుకువెళ్ళి ఆమె కుదుటపడిన తర్వాత, ఒకరోజు మా ఇంటికి వచ్చి చెప్పిన మాట నేను ఇంకా మరచిపోలేదు. "అయ్యగారూ, నేను మళ్ళీ పడిపోయానని తెలిస్తే దేవుడి పేరు పోతుందనుకున్నానండీ. అందుకే రాలేదు."

దేవుని పేరు కాపాడటానికి ఒక విధవరాలు దేవుని ఇంటికి దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ పరిస్థితి తెచ్చింది రోగం కాదు, నేను. స్వస్థతను ఒక ఆదివారంలో ముగిసిపోయే సంగతిగా ఆమెకు నేర్పించినవాడిని నేనే.

లేఖనాలు చూపించే దారి

బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివానిని బాగుచేసిన సంగతి మార్కు 8:22-25లో ఉంది. సువార్తల్లో రెండు దశల్లో జరిగిన స్వస్థత ఇదొక్కటే. ప్రభువు అతని చెయ్యి పట్టుకుని ఊరి బయటకు తీసుకువెళ్ళాడు. మొదటిసారి చేతులుంచి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగాడు. ఆ మనిషి దాచలేదు. మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడుతున్నారన్నాడు. సగం చూపే వచ్చిందని స్వస్థపరచేవాని ముఖం మీదే చెప్పాడు. ప్రభువు నొచ్చుకోలేదు, నీ విశ్వాసం చాలలేదని గద్దించలేదు. మళ్ళీ చేతులుంచాడు. ఆ మనిషి మన కూటంలో ఉండి ఉంటే, మొదటి తాకుడు తర్వాతే మైకు చేతికిచ్చి, అంతా స్పష్టంగా కనబడుతోందని చెప్పించి ఉండేవాళ్ళమేమో! రెండవసారి చేతులుంచే అవకాశం ప్రభువుకు ఇచ్చేవాళ్ళం కాదు.

1 రాజులు 19లో ఏలీయాను చూడండి. కర్మెలు మీద అగ్ని దిగివచ్చి ఎంతో కాలం కాలేదు. యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, బదరీవృక్షము కింద కూర్చుని, చనిపోతే బాగుండునని దేవునితోనే చెప్పుకున్నాడు. పరలోకం నుంచి వచ్చిన మొదటి జవాబు ప్రసంగం కాదు. నిద్ర, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి. మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనం. ప్రయాణం నీ శక్తికి మించినదని దూత అతనితో అన్నాడు. అంటే ప్రవక్తకు శక్తి చాలదని దేవునికి తెలుసు. ఆ తర్వాత 40 రోజుల నడక, హోరేబు, మెల్లని స్వరం. చివరికి ఒక పని, దాంతోపాటు ఎలీషా అనే ఒక తోడు. శరీరానికి విశ్రాంతి, కడుపుకు తిండి, మనసు విప్పి చెప్పుకోవడానికి సమయం, చేయడానికి పని, నడవడానికి మనిషి. ఈ రోజు మంచి వైద్యుడెవరైనా కుంగిపోయిన వ్యక్తి విషయంలో చూసుకోమని చెప్పే సంగతులు ఇవే.

ఇంకా ఉన్నాయి. పౌలు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప వచ్చింది. అద్భుతాలు చేసిన అదే పౌలు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచివచ్చినట్టు రాశాడు (2 తిమోతి 4:20). తిమోతికి తరచు వచ్చే బలహీనతకు ఏం తీసుకోవాలో చెప్పాడు. లూకాను ప్రియమైన వైద్యుడు అన్నాడు. హిజ్కియాకు 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని దేవుడే వాగ్దానం చేసిన తర్వాత కూడా యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు (యెషయా 38:21). వాగ్దానం ఉంది గదా, ముద్ద ఎందుకని హిజ్కియా అడగలేదు.

రక్షణ విషయంలో మనం ఈ క్రమాన్ని బాగానే బోధిస్తాం. క్రీస్తును నమ్మిన దినాన నీతిమంతులుగా తీర్చబడ్డాం. దినదినం పరిశుద్ధపరచబడుతున్నాం. ఆయన వచ్చినప్పుడు మహిమపరచబడతాం. మారుమనస్సు పొందిన మరునాడే కోపం, అసూయ పూర్తిగా పోవాలని ఎవరికీ చెప్పం. "ఎదగాలి, సమయం పడుతుంది" అంటాం. మరి గాయపడిన మనసు విషయంలో మాత్రం ఒక్క రాత్రిలో అంతా అయిపోవాలని ఎందుకు పట్టుబడుతున్నాం? ఆత్మ ప్రథమ ఫలములు పొందిన మనం కూడా దేహ విమోచనం కోసం మూలుగుతున్నామని రోమా 8:23 చెబుతుంది. మూలుగు అవిశ్వాసం కాదు, ఎదురుచూపు.

"ఇది విశ్వాసాన్ని తగ్గించడం కాదా?"

ఈ ప్రశ్న వేసే సహోదరులను నేను గౌరవిస్తాను. దేవుడు ఒక్క క్షణంలో స్వస్థపరచలేడా? పరచగలడు, పరుస్తున్నాడు కూడా. నా అభ్యంతరం అద్భుతం మీద కాదు. అద్భుతం జరిగిన తర్వాత మనిషిని గాలికి వదిలేయడం మీద, అద్భుతం జరగకపోతే ఆ మనిషిలోనే పాపం వెదకడం మీద.

స్టాన్లీ జోన్స్ జీవితం దీనికి మంచి ఉదాహరణ. 1907లో మిషనరీగా మన దేశానికి వచ్చాడు. తొలి ఏళ్ళలోనే నరాల బలహీనతతో పలుమార్లు కుప్పకూలిపోయాడు. విశ్రాంతి తీసుకుని తిరిగి వచ్చినా మళ్ళీ అదే పరిస్థితి. చివరికి లక్నోలోని చర్చిలో ప్రార్థనలో ఉండగా ప్రభువు తనను తాకాడని జీవితాంతం సాక్ష్యం చెప్పాడు. అలాంటి సాక్ష్యం ఉన్న మనిషి ఏం చేయాలి? "నాలాగే ప్రార్థించండి, చాలు" అని ఊరుకోవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు. 1950లో అదే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాలను స్థాపించాడు. తాను ప్రార్థనలో స్వస్థత పొందినా, ఇతరుల కోసం వైద్యులనూ మంచాలనూ సమకూర్చాడు. ప్రార్థనకూ వైద్యానికీ మధ్య మనం కట్టిన గోడ ఆయన మనసులో లేదు.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించింది. రోగి వెంట కుటుంబ సభ్యులు కూడా ఉండి చికిత్సలో భాగస్వాములు కావడం అక్కడి పద్ధతి. మనిషిని గదిలో పెట్టి తాళం వేయడమే వైద్యమని లోకం అనుకుంటున్న కాలంలో క్రైస్తవ వైద్యులు ఇంటివారిని మంచం పక్కన కూర్చోబెట్టారు. ఈ దేశంలో మానసిక వైద్యం క్రైస్తవులకు పరాయిది కాదు. మన పెద్దలు విత్తిన విత్తనాల్లో అదీ ఒకటి.

"ఇదంతా దురాత్మల పనేమో" అనే మాట కూడా వినబడుతుంది. దురాత్మలు లేవని నేననను. కానీ మత్తయి 4:24 జాగ్రత్తగా చదవండి. ప్రభువు దగ్గరకు తెచ్చినవారిలో దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని సువార్తికుడు వేర్వేరుగా పేర్కొన్నాడు. 2000 ఏళ్ళ కిందటే లేఖనం చూపిన తేడాను ఈ రోజు మనం చెరిపేయకూడదు. ప్రతి దిగులునూ దయ్యమని పిలిస్తే, అప్పటికే నలిగిన మనిషికి మన వల్ల ఇంకో భయం తోడవుతుంది. నలిగిన రెల్లును విరువనివాడు మన ప్రభువు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. వారిని అక్కడికి తెచ్చింది శత్రువులు కాదు, స్వస్థత కోసం ఆశతో వచ్చిన సొంత కుటుంబాలే. అది వేరే మతస్థలం దగ్గర జరిగింది గదా అని మనం దులిపేసుకోలేం. ప్రార్థన పేరుతో ఎవరినైనా కట్టివేయడం, కొట్టడం, తిండి మాన్పించడం మన పరిసరాల్లో జరిగితే ఆ పాపం మనదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. గెరాసేనుల దేశంలో గొలుసుల మధ్య బతికిన మనిషిని ప్రభువు బట్టలు కట్టించి, స్వస్థచిత్తునిగా కూర్చోబెట్టాడు గాని మరో గొలుసు వేయలేదు.

అదే చట్టం ఇంకో సంగతి చెప్పింది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వారికి సంరక్షణ, పునరావాసం కల్పించాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. దేశపు చట్టం జాలి చూపడం నేర్చుకుంది. మరణం అంచు దాకా వెళ్ళివచ్చిన యవ్వనస్థుడు ఆదివారం మందిరంలో అడుగుపెడితే మనం ఎలా చూస్తున్నాం? అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంటికి సమాధి కార్యక్రమానికి వెళ్ళడానికి మనలో కొందరు ఎందుకు వెనుకాడుతున్నారు? కరుణలో చట్టం కంటే సంఘం వెనుకబడితే మనం సిగ్గుపడాలి.

సంఘం చేయగల పనులు

ఇవి పెద్ద బడ్జెట్ కావలసిన పనులు కావు.

మొదటిది, సాక్ష్యం చెప్పే పద్ధతి మారాలి. "స్వస్థత పొందాను" అనేదానితో పాటు "స్వస్థత పొందుతున్నాను" అనే మాటకు కూడా మన మందిరంలో చోటుండాలి. ఎవరైనా మందులు వాడుతూనే దేవుని స్తుతిస్తే వారికీ ఆమేన్ చెప్పాలి. కొత్తగా కోలుకుంటున్నవారిని తొందరపెట్టి వేదిక ఎక్కించకూడదు.

రెండవది, "మందులు ఆపేయండి" అనే మాట కాపరి నోట, పెద్దల నోట, ప్రార్థనా బృందాల నోట రాకూడదు. వచ్చినప్పుడు కాపరి మౌనంగా ఉండకూడదు. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది. కాస్త బాగున్నప్పుడు వాటిని హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో రాసిన డాక్టరు చెప్పాలి. మన పని ప్రార్థించడం, అవసరమైతే వెంట వెళ్ళడం.

మూడవది, వెంట వెళ్ళడం. విశాఖపట్నంలోనూ, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. మీ దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజు ఉంటాడో ముందే కనుక్కుని పెట్టుకోండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మందిరం గోడ మీద, ఆదివారం ప్రకటనల కాగితం మీద రాయండి. ఎవరైనా "బతకాలని లేదు" అంటే తేలికగా తీసుకోకండి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా" అని సూటిగా, మెల్లగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అప్పటివరకు ఒంటరిగా మోసిన బరువును దించుకోవడానికి వారికి ఒక చోటు దొరుకుతుంది. ఆ రాత్రి వారిని ఒంటరిగా వదలకండి.

నాలుగవది, నోరు కాచుకోవడం. "ఆ అమ్మాయి కోసం ప్రత్యేకంగా ప్రార్థించండి" అంటూ ఒకరి బాధను పది ఇళ్ళకూ, వాట్సాప్ గ్రూపులకూ పంచడం ప్రార్థన కాదు. ఒకసారి రహస్యం బయటపడితే ఆ మనిషే కాదు, చూస్తున్న ఇంకో పదిమంది కూడా మనకు ఏమీ చెప్పరు.

ఐదవది, పరీక్షా ఫలితాల కాలం. మార్కులను బట్టి పిల్లలను విడదీయవద్దని కోర్టు కాలేజీలకు చెప్పింది. మన మందిరంలో ఏం చేస్తున్నాం? ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి శాలువా కప్పి ప్రార్థిస్తాం. తప్పిన పిల్లవాడు ఆ రోజు వెనక బెంచీలో ఉంటాడు, లేదా అసలు రాడు. అభినందన వద్దనను. కానీ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం కాపరి మొదట వెళ్ళవలసింది తప్పిన పిల్లవాడి ఇంటికి. "నాన్నా, నీ మార్కులు తెలియకముందే నిన్ను ప్రేమించినవాడు దేవుడు" అని ఆ బిడ్డకూ, పక్కనే ముఖం ముడుచుకుని కూర్చున్న తండ్రికీ చెప్పి రావాలి. ఫలితాలకు ముందు ఆదివారమే ఈ సంగతి ప్రసంగంలో రావాలి.

ఆరవది, ఏడవడానికి మందిరంలో చోటు. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. స్తుతి వైపు తిరగకుండానే ఆగిపోతుంది. అయినా పరిశుద్ధాత్మ దాన్ని లేఖనంలో ఉంచాడు. మన ఆరాధనలో మాత్రం ప్రతి పాటా విజయంతోనే ముగియాలి. నెలకొకసారైనా విలాప కీర్తన చదివి, కాసేపు నిశ్శబ్దంగా ఉండండి. యోబు స్నేహితులు ఏడు దినాలు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వారి పరిచర్యలో మంచి భాగం అదే. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దేవుని కోపానికి గురయ్యారు.

ఏడవది కాపరుల కోసం. స్పర్జన్‌కు 22 ఏళ్ళప్పుడు, 1856 అక్టోబరు 19న, లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాలులో ఎవరో "మంటలు" అని అరవగా తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బకు ఆయన కుంగిపోయాడు. జీవితమంతా దిగులు ఆయనను వెంటాడింది. దాన్ని దాచకుండా, సేవకు సిద్ధపడే తన విద్యార్థులకు ఆ విషయం మీదే పాఠం చెప్పాడు. మనమో, కాపరి అలసిపోయానని చెప్పుకుంటే సంఘం ఏమనుకుంటుందోనని భయపడతాం. కాపరికీ ఒక కాపరి కావాలి. అమ్మగారి కన్నీళ్ళు ఎవరు తుడుస్తున్నారో సంఘ పెద్దలు ఒకసారి ఆలోచించాలి.

పూటకూళ్ళ ఇంటి దాకా

మంచి సమరయుని కథలో మనం ఎక్కువగా నూనె, ద్రాక్షారసం దగ్గర ఆగిపోతాం. కథ అక్కడ ముగియలేదు. అతడు గాయపడినవానిని తన వాహనం ఎక్కించాడు, తాను నడిచాడు. పూటకూళ్ళ ఇంట్లో ఆ రాత్రి కనిపెట్టుకుని ఉన్నాడు. మరునాడు రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. గాయం మానడానికి సమయం పడుతుందని అతనికి తెలుసు. తానొక్కడి వల్ల కాదని, ఇంకొకరి సాయం కావాలని తెలుసు. మళ్ళీ వచ్చి చూడాలని కూడా తెలుసు. నూనె పోయడం మనకు బాగా అలవాటు. మళ్ళీ రావడమే మనం ఇంకా నేర్చుకోవలసింది.

ఆ సహోదరి ఇప్పటికీ మా పాత సంఘంలోనే ఉంది. మందులు వాడుతోంది. భర్త పోయిన నెల వచ్చిందంటే ఇప్పటికీ ఆమెకు కొన్ని రాత్రులు కష్టమే. ఆ నెలలో స్త్రీల సమాజం వారు వంతులు వేసుకుని ఆమె ఇంటికి వెళతారు. కొన్నిసార్లు ప్రార్థిస్తారు, కొన్నిసార్లు కూరగాయలు తరిగి, టీ తాగి వచ్చేస్తారు. నేను ఆమెను మళ్ళీ సాక్ష్యం అడగలేదు. కానీ కిందటి సంవత్సరం ఆ ఊరు వెళ్ళినప్పుడు, కొత్తగా భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మాయి పక్కన ఆమె కూర్చుని ఉంది. ఆమె ఏమీ చెప్పడం లేదు. చెయ్యి పట్టుకుని ఉంది, అంతే.

మృతులలోనుండి లేచిన ప్రభువు దేహంలో కూడా మేకుల గురుతులు ఉన్నాయి. స్వస్థత అంటే గురుతులు లేకపోవడం కాదు. ఆ గురుతులతోనే తలుపులు మూసుకుని భయపడుతున్నవారి మధ్యకు వచ్చి, సమాధానమని చెప్పడం. ఆయన మనలో ప్రారంభించిన పనిని ఆయనే ముగిస్తాడు. అందాకా ఒకరి భారం ఒకరం మోస్తూ, ఒకరి ఇంటికి ఒకరం సోమవారం కూడా వెళ్ళేవాళ్ళంగా ప్రభువు మనలను నడిపించును గాక. ఆమేన్.